కుడివైపు సీటు

సాన్ ఎలాదియో
12 నవంబర్ 1984

మిర్తాకి,

బతికే ఉన్నాను. నువ్వు అడగలేదు గాని చెప్పడం నా మర్యాద.

నీ మొగుడు వచ్చే రేసుల సీజన్‌కి ఫోర్డ్ వదిలేసి షెవర్లే ఎక్కుతున్నాడన్న కబురు నాకు మాంసం కొట్లో తెలిసింది. అరకిలో కైమా కోసం నిలబడ్డాను. ఎవారిస్తో కత్తి కింద పెట్టి, టోపీ తీసి, "టీచరమ్మగారూ, మీ ఇంట్లో జరిగినదానికి మనసేం బాలేదండీ" అన్నాడు. ఎవరు పోయారని అడిగాను. "నెస్తోర్ షెవర్లేకి పోయాడట కదండీ" అన్నాడు. మన ఊరంతా ఫోర్డ్ మతమే కదా, పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. కైమా తూకం కంటే గుప్పెడు ఎక్కువే వేశాడు. చావింటికి చేసే మర్యాదే అది.

మీ తాత అన్సెల్మో నలభై ఏళ్ళు ఫోర్డ్ ఇంజన్లే విప్పి బిగించాడు. పెళ్ళిచూపుల్లో నాతో మాట్లాడిన మొదటి మాట కార్బొరేటర్ గురించి. అది నీకు తెలుసు. కాబట్టి కొత్తగా ఏడవను.

నేను రాస్తున్నది వేరే సంగతికి. మళ్ళీ మీ నాన్ననే పక్కసీటుకి పిలిచారట. రూబెన్‌కి యాభై ఆరు నిండాయి. మొదట నీ మామగారి పక్కన, తర్వాత నీ మొగుడి పక్కన, మొత్తం పద్దెనిమిదేళ్ళు ఆ సీట్లో ఎగిరెగిరి పడ్డాడు. గుర్రాన్నయినా ఆ పాటికి మేతకి వదిలేస్తారు. ఫిబ్రవరి మొదటి రేసు లోపల ఇంకొకర్ని చూసుకోండి. పక్కన మనిషి లేనిదే కారుని గీత దాటనివ్వరని నాకు తెలుసు. మనుషులకేం కొదవ?

కారణం అడుగుతావు. నా కొడుకు షెవర్లేలో కూర్చోవడం నాకిష్టం లేదు. అదే కారణం. చాలదా?

నెస్తోర్‌కి నా తరఫున చెప్పాల్సినవన్నీ చెప్పు, ముద్దులు తప్ప.

నానమ్మ


(అదే రోజు పొద్దున రాసినది. పోస్టు చెయ్యలేదు.)

మిర్తా,

దీన్ని పంపుతానో లేదో తెలియదు. రాయకపోతే ఊపిరాడేలా లేదు.

మీ నాన్నకి పక్కలు కనిపించడం లేదు. ఎదురుగా ఉన్నదాన్ని గద్దలా చూస్తాడు, పేపర్లో చిన్న ప్రకటనలు కూడా కళ్ళద్దాలు లేకుండా చదువుతాడు. కాని అదంతా గొట్టంలోంచి చూసినట్టే. గొట్టం బయట ఏమున్నా అతనికి లేనట్టే. రెండు నెలలుగా తలుపు రెక్కలకి భుజాలు కొట్టుకుంటున్నాడు. బల్ల మీద పక్కనున్న గ్లాసులు పడగొడుతున్నాడు. పికప్ వెనక్కి తీస్తూ కోళ్ళగూడుని గుద్ది, గూడుదే తప్పన్నాడు. చొక్కా ఉతుకుతుంటే జేబులో కంటి డాక్టరు చీటీ దొరికింది. ఆ డాక్టరు నా దగ్గర మూడో తరగతి చదివినవాడే. వెళ్ళి అడిగాను. పోయిన చూపు తిరిగి రాదన్నాడు.

లైసెన్సు ఇచ్చే డాక్టరు గోడ మీది అక్షరాలు చదివించి ముద్ర కొట్టాడట. అక్షరాలు ఎదురుగానే ఉంటాయి కదా.

నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను. డ్రైవరు ఎడమవైపు కూర్చుని ముందుకి చూస్తాడు. కుడివైపు ఎవడు దూరుతున్నాడో, వెనక ఎవడు తరుముకొస్తున్నాడో చూసి చెప్పేవాడు పక్కసీటు మనిషి. ఆ హోరులో మాట వినపడదు గనక డ్రైవరు తొడ మీద చరుస్తాడు. ఒక దెబ్బ అంటే ఖాళీ, రెండు దెబ్బలంటే మనిషున్నాడు. రెండొందల ముప్ఫై కిలోమీటర్ల వేగంలో నీ మొగుడు ఆ ఒక్క దెబ్బని నమ్ముకుని చక్రం తిప్పుతాడు.

ఎవరితోనైనా అంటే ఇల్లు వదిలి పోతానన్నాడు రూబెన్. మీ తాత ఫోటో మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. "ఈ ఒక్క సీజనే అమ్మా. ఆ సీటు లేకపోతే నేనెవర్ని?" అన్నాడు.

ఒట్టు తప్పకుండా వాణ్ణి ఆపాలి. ఎందుకని ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యని కారణం ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది. అదే రాస్తాను. ఈ కాగితం బీరువాలోకి పోతుంది.

డెల్ఫీనా


వియా బెర్తా
26 నవంబర్ 1984

బంగారు నానమ్మకి,

నీ ఉత్తరం చదివి నెస్తోర్ రెండు సార్లు నవ్వాడు, ఒకసారి నవ్వలేదు. ఆ ఒక్కటీ చివరి పేరా.

నీకు ముందే చెప్పకపోవడం నా తప్పు. ధైర్యం చాలలేదు. పోయిన సీజన్ చివర్లో మన ఇంజన్‌కి విడిభాగాలు పుట్టక రెండు రేసులు ఇంట్లోనే కూర్చున్నాం, గుర్తుందా? ఈసారి ఇక్కడి షెవర్లే వాళ్ళు షెడ్డు, కారు, ఇద్దరు మెకానిక్‌లు అన్నీ ఇస్తామన్నారు. నెస్తోర్ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు సంతకం పెట్టాడు. పెట్టిన తర్వాత కూడా తినలేదు.

వాళ్ళకి ఆయన పెట్టిన షరతు ఒక్కటే, మామయ్య నా పక్కనుండాలని. "కుడివైపు నాకు కళ్ళు లేవు, రూబెనే నా కళ్ళు" అన్నాడు అందరి ముందూ. నాన్న తపాలా ఆఫీసు ఫోన్ నుంచి మాట్లాడి వెంటనే సరేనన్నాడు. గొంతులో ఎంత సంతోషమో! ఎన్నాళ్ళకి విన్నానో ఆ గొంతు.

జనవరి 26న మొదటి ట్రయల్స్, ఫిబ్రవరి 17న రేసు. కారు ఇంకా ఎముకలగూడు లాగే ఉంది. నెస్తోర్ పీడకలలో కూడా గేర్లు మారుస్తున్నాడు.

దయచేసి తాతని ఈ గొడవలోకి లాగకు నానమ్మా. ఆయనుంటే తిట్టేవాడే, ఒప్పుకుంటాను. కాని తిట్టి, చేతులు కడుక్కుని, వచ్చి ఇంజన్ చూసేవాడు.

నీ మిర్తా


సాన్ ఎలాదియో
5 డిసెంబర్ 1984

మిర్తాకి,

ఏటా డిసెంబర్లో ఉండేవే, ఎర్రటి ఎండలు. ఆల్‌బకార పళ్ళు చెట్టు మీదే ఉడికిపోతున్నాయి.

నా నిర్ణయం మారలేదు. నిన్న రూబెన్‌కి కొత్త రేసు దుస్తులు పార్సిల్లో వచ్చాయి. నా ఇంటి తొట్లో ఆ గుర్తున్న బట్టలు ఉతకనన్నాను. వాడు నవ్వుతూ తనే ఉతుక్కున్నాడు. పైగా ఈల వేశాడు.

ఊళ్ళో మాత్రం నాకు బ్రహ్మరథం. ఫోర్డ్ అభిమానుల సంఘం వాళ్ళు పదకొండు మంది వచ్చి, వాకిట్లో టోపీలు తీసి నిలబడి, నాకొక కేకు ఇచ్చారు. మీద నీలం చక్కెరతో ‘విధేయతకు వందనం’ అని రాశారు. స్పెల్లింగు తప్పు. వాళ్ళలో ఏడుగురు నా విద్యార్థులే. కేకు మాత్రం బాగుంది.

ఇంకొక మాట. నా నడుము పట్టేసింది. మంచం దిగలేకపోతున్నాను. రూబెన్ ఇంట్లో ఉండకపోతే నాకు నీళ్ళిచ్చే దిక్కు లేదు. ఫిబ్రవరి దాకా ఇలాగే ఉంటుందని నా అనుమానం. నెస్తోర్‌కి చెప్పు.

ఉంటాను. పడుకుని రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకరపోతే క్షమించు.

నానమ్మ


వియా బెర్తా
16 డిసెంబర్ 1984

నానమ్మా,

నీ అక్షరాలు ఒక్కటీ వంకర పోలేదు. మూడో తరగతి కాపీ పుస్తకంలా ఉన్నాయి.

ఆదివారం నాన్న ఫోన్ చేశాడు. నువ్వు నిచ్చెనెక్కి పళ్ళు కోస్తున్నావట. నడుము గురించి అడిగితే, "ఎవరి నడుము?" అన్నాడు. ఏం చెప్పను? సిగ్గుతో చచ్చిపోయాను.

కేకు సంగతి ఇక్కడిదాకా పాకింది. ఎవరో రేడియో వాడికి చెప్పారు. ‘కొడుకు షెవర్లే ఎక్కుతున్నాడని మంచం పట్టిన ఫోర్డ్ తల్లి’ అని చదివాడు. షెడ్డులో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నెస్తోర్ నవ్వలేదు. "మీ నానమ్మ నన్ను ద్రోహి అంటోంది, అంతేగా?" అని బయటికి వెళ్ళిపోయాడు. కొత్తగా చేరిన చోట ఆయన తలెత్తుకోవద్దా?

నాన్న ఏమన్నాడో కూడా రాస్తున్నాను. రాయకూడదు, అయినా రాస్తున్నాను. "మీ నానమ్మకి షెవర్లేలో బతికున్న కొడుకు కంటే ఫోర్డ్‌లో చచ్చిన కొడుకు ముద్దు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

క్రిస్మస్‌కి మేం రావడం లేదు. పని ఎక్కువగా ఉందని చెప్పుకుందాం. అందరూ నమ్ముతారు.

మిర్తా


సాన్ ఎలాదియో
27 డిసెంబర్ 1984

మిర్తా,

ఇది కూర్చుని చదువు. ఇందులో హాస్యం లేదు.

నేను చెప్పిన షెవర్లే కారణం అబద్ధం. నడుము కూడా అబద్ధం. నాకు ఏ కారైనా ఒకటే, అన్నీ నాలుగు చక్రాల మీద పరిగెత్తే శబ్దాలే. మీ తాతతో ఈ మాట నలభై ఏళ్ళు అనలేదు, నీతో అంటున్నాను.

మీ నాన్నకి రెండు కళ్ళకీ పక్కచూపు పోయింది. డాక్టరు నోటితో విన్నాను. ఎదురుగా ఉన్నది తప్ప ఏదీ కనపడదు. అద్దంలో వెనక కారు కనపడాలంటే తల మొత్తం తిప్పి వెతుక్కోవాలి. కుడి భుజం దగ్గరికి ఏనుగొచ్చినా తెలియదు. ఎవరికీ చెప్పనని మీ తాత ఫోటో మీద ఒట్టేశాను, అందుకే ఇన్నాళ్ళూ ఆ కారు పిచ్చిని అడ్డం పెట్టుకున్నాను. పండక్కి మీరు రాలేదు. బల్ల దగ్గర మేమిద్దరమే. సీసా మూత తీసి గ్లాసులో పోద్దామని వాడు చెయ్యి చాపాడు. గ్లాసు వాడి మోచేతి పక్కనే ఉంది. సిడ్రా వైను అంతా బల్లగుడ్డ మీద పోశాడు. పోసి, "చాలా అమ్మా?" అన్నాడు.

చాలన్నాను. అప్పుడే ఒట్టు కూడా తెగిపోయింది.

నెస్తోర్‌కి చెప్పు. నెమ్మదిగా చెప్పు, కాని చెప్పు. మీ నాన్నకి మాత్రం నేను చెప్పానని చెప్పకు.

నానమ్మ


వియా బెర్తా
8 జనవరి 1985

నానమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిద్ర పోలేదు. మూడో రోజు ముగ్గురు రాజుల పండగకి నాన్న ఇక్కడికి వచ్చాడు. నాలుగో రోజు నాకు నీ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

పరీక్ష పెట్టాను. అడక్కుండా ఎలా ఉంటాను? భోజనాల దగ్గర తలనొప్పి మాత్రల సీసా పట్టుకుని గది అవతల గోడ దగ్గర నిలబడి, "నాన్నా, దీని మీద ఏం రాసుందో నాకు ఆనడం లేదు" అన్నాను. పేరు చదివాడు. కింద తయారీ తేదీ చదివాడు. దాని కింద ఫ్యాక్టరీ వీధి పేరు కూడా చదివాడు! నెస్తోర్ చప్పట్లు కొట్టాడు. షెడ్డులో కొత్త కారు మీటర్ల ముందు కూర్చోబెడితే ఆయిల్ ముల్లు వెంట్రుకవాసి పక్కకి ఉందని నాన్నే పట్టుకున్నాడు.

ముందు షెవర్లే. తర్వాత నడుము. ఇప్పుడు కళ్ళు. రేపు ఏమిటి నానమ్మా, కుష్టా?

నాకు దాచుకోవడం చేతకాదు. నాన్నకి ఉత్తరం చూపించాను. చాలాసేపు చదివాడు. మడిచి నా చేతికిచ్చి, "డెబ్భై తొమ్మిది ఏళ్ళు కదే. పాపం" అన్నాడు. అంతే. రేసు అయ్యేదాకా ఇక్కడే ఉంటానన్నాడు. పెట్టె తెచ్చుకోవడానికి కూడా అక్కడికి రాడట.

నువ్వు చేసింది నాకు అర్థం అవుతోంది. ఒక గుర్తు కోసం సొంత కొడుకుని గుడ్డివాణ్ణి చేశావు. మన ఊళ్ళో ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను. నువ్వు వాళ్ళలో ఒకదానివని అనుకోలేదు.

మిర్తా


సాన్ ఎలాదియో
14 జనవరి 1985

మిర్తా,

నన్ను ఏమన్నా అను. తర్వాత తీరిగ్గా అను. ముందు ఇది చెయ్యి.

నువ్వు ఎదురుగా నిలబడి పరీక్షించావు. ఎదురుగా వాడికి చీమ కూడా కనపడుతుంది. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద ఒక మేకుని కన్నార్పకుండా చూడమను. నువ్వు వాడి వెనక నిలబడు. ఒక చెంచా తీసుకుని చెవి పక్కనుంచి నెమ్మదిగా ముందుకి జరుపు. కనపడగానే చెప్పమను. ముందు నీ మీద నెస్తోర్‌ని చెయ్యమను, ఎక్కడ కనపడుతుందో నీకే తెలుస్తుంది. తర్వాత మీ నాన్న మీద చెయ్యి.

ట్రయల్స్‌కి పన్నెండు రోజులే ఉంది. ఉత్తరం ఆరు రోజులు పడుతుంది. మన వీధికి ఫోన్ కోసం దరఖాస్తు పెట్టి పదకొండేళ్ళయింది కాబట్టి తపాలా ఆఫీసుకి నడిచి వెళ్ళి మీ షెడ్డుకి మూడు సార్లు ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తినవాడు నా పేరు వినగానే, "ఒరేయ్, ఫోర్డ్ బామ్మరా!" అని అరిచాడు. వెనక ఎవరో డప్పు కొట్టినట్టు రేకు వాయించారు. రెండోసారి పాట పాడారు. మూడోసారి పెట్టేశారు. ‘పక్కనుంచి పరీక్షించు’ అని టెలిగ్రాం ఇస్తున్నాను. నా మోకాలు పద్నాలుగు గంటల బస్సుకి ఒప్పుకోదు. ఒప్పుకున్నా మీవాళ్ళు నన్ను షెడ్డు గుమ్మం దాటనివ్వరు.

చెంచా చాలు. ఏ చెంచా అయినా సరే.

నానమ్మ


వియా బెర్తా
29 జనవరి 1985

నానమ్మా,

ముందుగా, ఇద్దరూ బతికే ఉన్నారు.

నీ ఉత్తరం 20వ తేదీనే అందింది. నేను విప్పలేదు. నీ చేతిరాత చూసి సొరుగులో పడేశాను. టెలిగ్రాం షెడ్డులో క్యాలెండర్ పక్కన గుండుసూదితో గుచ్చి ఉంది. నాకెవరూ చెప్పలేదు. దాని కింద ఎవరో మీసాలున్న ముసలమ్మ బొమ్మ గీశారు.

శనివారం ట్రయల్స్‌లో, పొడవాటి రోడ్డు చివర, బెనిన్యో అల్సువా అని ఒకతను కుడివైపునుంచి దాటబోయాడు. నెస్తోర్ కుడికి తిరగాలి. నాన్న తొడ మీద ఒక్క దెబ్బ కొట్టాడు. నెస్తోర్ తిరిగాడు. అల్సువా అక్కడే ఉన్నాడు.

రెండు కార్లూ తాకాయి. మనవాళ్ళు కంచె తెంపుకుని పొద్దుతిరుగుడు చేలోకి పోయారు. చేను పచ్చగా ఉంది కాబట్టి కారుని మెత్తగా పట్టుకుంది. లేకపోతే అవతల మట్టికట్ట ఉంది. నెస్తోర్ మణికట్టు బెణికింది. నాన్న నుదురు చిట్లింది. దిగగానే నాన్న అల్సువా మీదికి వెళ్ళి, "ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావురా!" అని అరిచాడు. అతను తెల్లబోయి, "మూడొందల గజాల నుంచీ నీ పక్కనే ఉన్నాను కదన్నా!" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. నెస్తోర్ రేసుల సంఘానికి అతని మీద ఫిర్యాదు రాశాడు. సాక్షి సంతకం నాన్నది. అతనికి రెండు రేసుల నిషేధం పడుతుందంటున్నారు.

నిన్న సొరుగు తీశాను.

నాన్న వంటింట్లో మాతే టీ తాగుతున్నాడు. క్యాలెండర్ వైపు చూడమన్నాను. "ఇదేం ఆటే?" అంటూ కూర్చున్నాడు. వెనక నిలబడి చెవి పక్కనుంచి చెంచా జరపడం మొదలుపెట్టాను. చెంప దాటింది. కంటి కొస దాటింది. చెంచా అతని ముక్కుకి జానెడు దూరంలోకి వచ్చింది. నాన్న క్యాలెండర్ చూస్తూ, "ఊఁ, కానివ్వవే. ఎంతసేపు చూస్తూ కూర్చోను? మొదలుపెట్టు" అన్నాడు.

నానమ్మా.

చెంచా కింద పడింది. ఆ చప్పుడికి తల తిప్పి, కిందనున్న చెంచాని చూశాడు, నన్ను చూశాడు. అర్థమైంది. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "17వ తేదీ ఒక్క రేసు. అది అవగానే నేనే దిగిపోతాను. నీ మొగుడికి చెప్పనని ఒట్టెయ్యి" అన్నాడు. మా నాన్న ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

ఒట్టేశాను.

నెస్తోర్ ఇప్పుడు షెడ్డులో తలుపు రేకు సాగదీస్తున్నాడు. ఆ సుత్తి దెబ్బలు ఇక్కడికి వినపడుతున్నాయి. నీకు ఎలా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. ఏం చెయ్యమంటావు?

మిర్తా


సాన్ ఎలాదియో
4 ఫిబ్రవరి 1985

తల్లీ,

క్షమాపణలు తర్వాత. నా దగ్గర నువ్వు అడగాల్సినవీ ఉన్నాయి, నేను అడగాల్సినవి ఇంకా ఎక్కువ ఉన్నాయి. నోట్లో నిజం పెట్టుకుని నలభై ఆరు రోజులు కేకులు తిన్నదాన్ని నేను.

ఆ ఒట్టు తెంచెయ్యి. నీకు ఒట్టంటే విలువ లేదని కాదు. ఆ ఫిర్యాదు కాగితం మీద తప్పు చెయ్యని ఒక మనిషి పేరుంది, ఆ కారులో నీ మొగుడున్నాడు, పక్కన మీ నాన్న ఉన్నాడు. ముగ్గురి కంటే ఒక ఒట్టు బరువు కాదు. నేను లెక్కల టీచర్ని, తూచి చెప్తున్నాను.

ఇవాళ రేసుల సంఘం డాక్టరుకి రాశాను. కంటి డాక్టరు దగ్గర తీసుకున్న కాగితం జత చేసి, కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. ‘దరఖాస్తుదారుతో సంబంధం’ అన్నచోట ‘తల్లి’ అని రాయడానికి చాలాసేపు పట్టింది. అది వాళ్ళకి 12కో 13కో చేరుతుంది. కాని అంతదాకా ఆగకు. సంఘం నోట విని నెస్తోర్ తెలుసుకోకూడదు. నీ నోట తెలుసుకోవాలి.

మీ నాన్నకి మాత్రం నా పేరే చెప్పు. నువ్వు నోరు విప్పలేదని, అంతా నానమ్మే చేసిందని చెప్పు. వాడు ఎవరో ఒకర్ని ద్వేషించాలి. నేను డెబ్భై తొమ్మిది ఏళ్ళదాన్ని, ఎక్కువ రోజులు మొయ్యక్కర్లేదు. నువ్వయితే ముప్ఫై ఏళ్ళు మొయ్యాలి.

ఇది ఆజ్ఞ.

నానమ్మ


వియా బెర్తా
19 ఫిబ్రవరి 1985

నానమ్మా,

నీ ఆజ్ఞ సగం పాటించాను.

ఉత్తరం వచ్చిన రోజే షెడ్డుకి వెళ్ళి నెస్తోర్‌కి చెప్పాను. అరుస్తాడనుకున్నాను. చేతిలోని స్పానర్ తుడిచి, దాని చోట దాన్ని పెట్టి, తర్వాత ఇంటికి నడిచాడు. నాన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నెస్తోర్ అతని ఎదురుగా నిలబడ్డాడు, పక్కన కాదు.

"మామయ్యా, ఆ రోజు కుడివైపు ఎవడైనా ఉన్నాడా?"

"కొట్టాను కదా ఒక్క దెబ్బ."

"దెబ్బ సంగతి కాదు. ఉన్నాడా?"

నాన్న తన అరచేతిని చూసుకున్నాడు.

"తెలియదు అల్లుడూ" అన్నాడు.

నెస్తోర్ ఆ సాయంత్రమే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. అల్సువా ఇంటికి తనే వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు, కాని ఒక చీజ్ ముద్ద పట్టుకొచ్చాడు.

నీ పేరు చెప్పమన్నావు. చెప్పలేదు. "నేనే చెప్పాను నాన్నా" అన్నాను. ఐదు రోజులకి సంఘం నుంచి కాగితం వచ్చింది, కింద నీ సంతకం. నాన్న రెండు సార్లు చదివి, "ఇద్దరాడవాళ్ళు, రెండు ఒట్లు" అన్నాడు. తర్వాత మాట్లాడలేదు.

రేసుకి పక్కసీట్లో రొట్టెల బట్టీ నడిపే లాలో కూర్చున్నాడు. తొంభై ఎనిమిది కిలోలు. కారు కుడివైపుకి ఒరిగి బయల్దేరింది. పదకొండో స్థానం. దిగగానే లాలో వాంతి చేసుకుని, వచ్చే రేసుకీ తనే వస్తానన్నాడు. నాన్న మట్టికట్ట మీద నిలబడి చూశాడు. కార్లు దాటిపోయేటప్పుడు ప్రతిసారీ తల మొత్తం తిప్పడం గమనించాను. ఎన్నాళ్ళుగా అలా తిప్పుతున్నాడో. నాకెందుకు కనపడలేదో.

నీతో మాట్లాడనని నీకు చెప్పమన్నాడు. 21 గురువారం బస్సులో వస్తున్నానని కూడా చెప్పమన్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. సంచిలో కంటి చుక్కల సీసా ఉంది, ఇక్కడి డాక్టరు రాశాడు. మిగిలిన చూపు నిలవాలంటే పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క, ఏ రోజూ మానకూడదట. నేను వేస్తానంటే తల తిప్పేసుకుంటున్నాడు.

సీసా మూత కూడా తియ్యలేదు.

నీ మిర్తా


సాన్ ఎలాదియో
3 మార్చి 1985

మిర్తాకి,

వచ్చాడు. సంచి పెట్టాడు. పది రోజులు నోరు విప్పలేదు. నీ దగ్గర మౌనవ్రతం ఎలా సాగిందో గాని, ఇక్కడ శబ్దాలన్నిటితో సాగింది. తలుపులు వేశాడు, గిన్నెలు పెట్టాడు, దగ్గాడు. నేనూ మాట్లాడలేదు. మనింట్లో పంతానికి వయసుతో పనిలేదు.

ఫోర్డ్ సంఘం వాళ్ళు మళ్ళీ వచ్చారు, కొడుకుని షెవర్లే నుంచి వెనక్కి రప్పించుకున్నానని అభినందించడానికి. వాకిట్లోనే నిలబెట్టి అసలు సంగతి మొత్తం చెప్పాను, కళ్ళ దగ్గర్నుంచి సంతకం దాకా. రూబెన్ లోపలి గదిలో వింటున్నాడని తెలిసే చెప్పాను. ఇకమీద ఊళ్ళో ఎవరి ముందూ వాడు నటించక్కర్లేదు. ఎవారిస్తో టోపీ తీశాడు. ఈసారి తీయాల్సిన మనిషికే తీశాడు, కిటికీ వైపు తిరిగి.

సీసా అలమర మీద పెట్టాను. వాడు దాని ముందునుంచి రోజుకి ఇరవై సార్లు నడిచాడు. ఎదురుగానే ఉంది, కనపడకపోవడానికి లేదు. నేను చెయ్యి వెయ్యలేదు. వేస్తే, వాణ్ణి అడక్కుండా రెండోసారి సంతకం పెట్టినట్టవుతుంది.

ఇవాళ పొద్దున కాఫీ అయ్యాక లేచి, సీసా తీసి, నా ముందు బల్ల మీద పెట్టాడు. కుర్చీ లాక్కుని నా మోకాళ్ళ దగ్గర కూర్చుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు తెరిచి పైకి చూస్తూ ఉండిపోయాడు. ఆ ముఖాన్ని అంత దగ్గరగా చూసి యాభై ఏళ్ళు దాటింది. నుదుటి మీద గాయం మానుతోంది.

మూత తీశాను. నా చేతులు నీకు తెలుసు కదా, ఈ మధ్య సూదిలో దారం కూడా ఎక్కించలేవు. మొదటి చుక్క జారింది.

"ముక్కులో పోస్తున్నావమ్మా" అన్నాడు. "కన్ను దానికి పైన ఉంటుంది."

రెండోది కంట్లోనే పడింది.

నానమ్మ